నాలుగో గంటలో తెలిసే బండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి తెల్లవారుజామున బయలుదేరిన బైకు మధ్యాహ్నానికి మూడు రకాల దారులు చూస్తుంది. మొదట జాతీయ రహదారి 16. నున్నటి తారు, బారులు తీరిన లారీలు, సముద్రం వైపు నుంచి అడ్డంగా తోసే గాలి. నాతవలస దగ్గర కుడికి తిరిగి విజయనగరం దారి పట్టగానే జాతీయ రహదారి 26 మొదలవుతుంది. ఇక్కడ ఊళ్లు దగ్గర దగ్గరగా వస్తాయి, ఆటోలు హఠాత్తుగా ఆగుతాయి, పశువులు తీరిగ్గా రోడ్డు దాటుతాయి. గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరాక కొండ ఎదురొస్తుంది. అక్కడి నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వైపు మలుపు మీద మలుపు. ఒక్క పూటలో ఇన్ని గుణాలు మారే దారి ఇంటి ముందు నుంచే మొదలవడం ఉత్తరాంధ్ర బైకు ప్రియుల అదృష్టం. ఏ బండి కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ దారే చెబుతుంది.

స్పోర్ట్ టూరింగ్ అన్న మాటను కంపెనీలు ప్రకటనల్లో ధారాళంగా వాడుతున్నాయి కాబట్టి ముందు దాని అర్థం తేల్చుకోవాలి. మలుపుల్లో చెప్పినట్టు వినే ఛాసిస్ (బండి చట్రం), ముందూ వెనకా 17 అంగుళాల చక్రాలు, నమ్మదగిన బ్రేకులు రేసు బైకు నుంచి వచ్చిన లక్షణాలు. గాలిని అడ్డుకునే ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు), చాలినంత ట్యాంకు, ఇద్దరు హాయిగా కూర్చునే సీటు, సామాను కట్టుకునే వీలు దూరప్రయాణపు బండివి. రెండూ ఒక్కచోట కుదిరితేనే అది స్పోర్ట్ టూరర్. 1976లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 100 ఆర్ఎస్ ఈ వంశానికి పెద్దదిక్కు. గాలి సొరంగంలో పరీక్షించి మలిచిన పూర్తి ఫెయిరింగ్‌తో వచ్చిన బండి అది. మన దేశంలో ఈ రుచి చూపించింది మాత్రం 2003 నాటి హీరో హోండా కరిజ్మా. 223 సీసీ ఇంజను, 17 హెచ్‌పీ బలం, 15 లీటర్ల ట్యాంకు. ఇప్పటి కొలతల్లో ఆ బలం తక్కువే. అయినా దూరం వెళ్లడానికి బండిలో ఏమేం ఉండాలో ఒక తరానికి నేర్పిన బండి అదే, దాన్ని గౌరవంగా తలుచుకోవాలి.

కొనేవారు సాధారణంగా చేసే మొదటి పొరపాటు బలం లెక్కతో మొదలుపెట్టడం. 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి ప్రకారం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై మోటారు సైకిలు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 1,340 సీసీ సుజుకీ హయబుసా మొదటి గేరులోనే ఆ గీత దాటేస్తుంది. ఆ ఇంజనులోని 190 హెచ్‌పీకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పని చెప్పే చోటు చట్టం ప్రకారం ఒక్కటీ లేదు. చట్టాన్ని పక్కనపెట్టి చూసినా లెక్క మారదు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్లే దారిలో 100 కిలోమీటర్లను 80 వేగంతో దాటితే 75 నిమిషాలు, 100 వేగంతో దాటితే 60 నిమిషాలు. మిగిలేది పావుగంట. ఆ పావుగంట కోసం ఒంటి మీద, బండి మీద పడే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక ఈ లెక్కను ఏ కంపెనీ తప్పించలేదు. పైగా డివైడరు సందుల్లోంచి ట్రాక్టర్లు అడ్డంగా వచ్చే రోడ్డు ఇది. వేగంగా వెళ్లి ఆదా చేసిన నిమిషాలన్నీ ఒక్క ఊరు దాటేసరికి కరిగిపోతాయి.

కాబట్టి బండిని పరీక్షించాల్సిన వేగం 80. పరీక్షించాల్సిన సమయం నాలుగో గంట. మొదటి అరగంటలో అన్ని బండ్లూ బాగానే ఉంటాయి. షోరూమ్ వాళ్లు ఇచ్చే పది నిమిషాల ట్రయల్‌లో కనిపించేది పికప్, వినిపించేది సైలెన్సర్ చప్పుడు. మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి, మెడ పట్టేయడం, వెనక కూర్చున్న మనిషి మౌనం చాలా తర్వాత వస్తాయి.

కూర్చునే తీరుతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా లోపాలను డబ్బు పెట్టి కొంతవరకు సరిదిద్దుకోవచ్చు గానీ దీన్ని సరిదిద్దడం కష్టం. హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్ట్ ఈ మూడు బిందువులూ కలిసి ఒక త్రికోణం. హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి పోతే ఒళ్లు ముందుకు వాలి ఛాతీ బరువు మణికట్ల మీద పడుతుంది. రేసు బైకును ఇలా చేయడానికి కారణం ఉంది. బాగా ఎక్కువ వేగంలో ఎదురుగాలి ఛాతీ కిందకు చేరి మనిషిని పైకి ఎత్తి పట్టుకుంటుంది, చేతులకు బరువు తెలియదు. 80 దగ్గర ఆ గాలికి అంత సత్తువ ఉండదు. అంటే బాగా వంగి నడిపే బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడే ఎక్కువ బాధపెడుతుంది. కేటీఎం ఆర్‌సీ 390 లాంటి చక్కటి బండి మలుపుల్లో ఎంత ఆనందమిచ్చినా ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా 200 కిలోమీటర్ల పైచిలుకు దారికి సరిపడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

దీనికి పూర్తి వ్యతిరేకం, అంటే నిటారుగా కూర్చోవడం, మేలని అనిపించవచ్చు. కొంతవరకే. వెన్ను నిలువుగా ఉంటే గతుకు తగిలిన ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నుపూస మీదకు పోతుంది. ఛాతీ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది, పడిపోకుండా చేతులతో హ్యాండిల్‌ను లాగి పట్టుకోవాలి. కాస్త ముందుకు వాలిన భంగిమ బరువును సీటుకు, కాళ్లకు, చేతులకు పంచుతుంది. సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250లో రేసు బైకులో లాగా కుడికీ ఎడమకూ విడివిడి హ్యాండిళ్లే ఉన్నా వాటిని ఎత్తుగా బిగించారు, ఆ వాలు చాలామంది ఒంటికి సరిపోతుంది. బజాజ్ డొమినార్ 400ది ఇంకొంచెం నిటారు. ఈ రెండు బండ్ల సీటు ఎత్తూ 800 మిల్లీమీటర్లే కనుక సగటు పొడవున్నవారి పాదాలు నేలకు ఆనతాయి. ఏటవాలు చోట సామానుతో బండి ఆపాల్సి వచ్చినప్పుడు సీటు రెండు అంగుళాలు తక్కువ ఎత్తులో ఉండటం విలువ తెలుస్తుంది.

గాలి సంగతి తీర ప్రాంతంలో మరింత లోతుగా చూడాలి. బండి 80లో వెళ్తుండగా ఎదురుగా 30 వేగంతో గాలి వీస్తే ఒంటికి తగిలేది 110 వేగపు గాలి. నిరోధం దాదాపు రెట్టింపు. నాగావళి, వంశధార వంతెనల మీద, రణస్థలం, పూసపాటిరేగ పరిసరాల్లోని బయళ్లలో గాలి పక్క నుంచి కొడుతుంది. ఎదురుగాలిని అడ్డుకునే ఫెయిరింగే పక్కగాలికి గోడలా నిలబడి బండిని లేన్ అంచుకు నెడుతుంది. దీనికి విరుగుడు బండి బరువు కొంత, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకునే అలవాటు మరికొంత. లారీని దాటేటప్పుడు దాని చాటున గాలి ఆగి, ముందుకు రాగానే ఒక్కసారిగా తగులుతుంది. 150 కిలోల బండికీ 190 కిలోల బండికీ తేడా ఆ క్షణంలో స్పష్టంగా తెలుస్తుంది.

ముందు అద్దం (విండ్‌స్క్రీన్) ఎత్తుగా ఉంటే మంచిదన్నది మరో అపోహ. బాగా పొట్టి అద్దం గాలిని ఛాతీకి కొడుతుంది, అదైనా నిలకడగా ఉంటుంది. సగం ఎత్తున్న అద్దం అంచు నుంచి చెదిరిన సుడిగాలి హెల్మెట్‌ను అటూ ఇటూ కుదుపుతుంది, మెడ నొప్పి మొదలయ్యేది అక్కడే. ఈ విషయం నడిపేవారి పొడవును బట్టి మారుతుంది కనుక స్నేహితుడికి బాగుందన్న బండి మనకు బాగుండాలని లేదు. 80 వేగంలో నడుం కొద్దిగా ఎత్తి, మళ్లీ కొద్దిగా దించి చూస్తే హెల్మెట్ చప్పుడు ఎక్కడ తగ్గుతుందో తెలుస్తుంది. తగ్గే చోటు రెండు అంగుళాల లోపు ఉంటే అద్దం మార్చి సరిచేసుకోవచ్చు.

ఇంజను విషయంలో సీసీ కంటే ముందు చూడాల్సింది వైబ్రేషన్. ఒకే సిలిండరున్న ఇంజనులో బ్యాలెన్సర్ (అదురును తగ్గించే భాగం) ఉన్నా ఏదో ఒక ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర హ్యాండిల్, ఫుట్‌రెస్టులు సన్నగా అదురుతాయి. ఆ అదురు 110 దగ్గర వస్తే ఇబ్బంది లేదు. సరిగ్గా 80, 85 దగ్గర వస్తే ఆ బండి ఈ రహదారికి పనికిరాదు, మిగతా గుణాలు ఎంత గొప్పవైనా సరే. కవాసాకీ నింజా 650లో రెండు సిలిండర్లు, 68 హెచ్‌పీ, 196 కిలోలు. దూరప్రయాణానికి ఈ కూర్పు దాదాపు ఆదర్శమే. అయితే దాని కింది భాగానికీ నేలకూ మధ్య ఎడం 130 మిల్లీమీటర్లు. డొమినార్‌లో ఇది 157, జిక్సర్‌లో 165. పల్లెల్లో ఎవరికి తోచినట్టు వారు పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద ఇద్దరు కూర్చున్న నింజాను దాటించడానికి ఓర్పు కావాలి. నాలుగు సిలిండర్ల నింజా 1100 ఎస్ఎక్స్ అసలు సిసలు స్పోర్ట్ టూరరే, కాదనలేం. కానీ మే నెలలో, చెమట ఆరని తీరపు ఉక్కలో, పట్టణం ట్రాఫిక్ మధ్య అంత పెద్ద ఇంజను వదిలే వేడి తొడలను కాల్చేస్తుంది.

డబ్బు దగ్గర 350 సీసీ ఇప్పుడు పెద్ద గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు పైబడ్డవాటికి 40 శాతమైంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో కొత్త బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆ పైన 15,117 రూపాయలు. జిక్సర్ ఎస్ఎఫ్ 250, 312 సీసీ టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, హీరో కరిజ్మా ఎక్స్ఎంఆర్ గీతకు ఇవతల ఉన్నాయి. 373 సీసీ డొమినార్, 452 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ అవతల పడ్డాయి. రహదారిపై వేగ పరిమితిని కూడా కలిపి ఆలోచిస్తే ఈ జిల్లాల్లో ఉండేవారికి 250 నుంచి 310 సీసీ మధ్య బండి చాలు. ఎప్పుడూ ఇద్దరే, సామానుతో, కొండ దారుల్లో తిరిగేవారు మాత్రం గీత దాటడానికి సంకోచించనక్కర్లేదు. బలం అక్కడ నిజంగా పనికొస్తుంది.

వెనక కూర్చునే మనిషి గురించి షోరూముల్లో ఎవరూ మాట్లాడరు. ఆదివారం అరసవల్లికో, శ్రీకూర్మానికో, కళింగపట్నం తీరానికో వెళ్లే బైకు మీద ఉండేది ఇద్దరు. ఆ రెండో మనిషికి రేసు బైకుల కంపెనీలు ఇచ్చేది ముందు సీటు కంటే జానెడు ఎత్తులో చిన్న మెత్త, మోకాళ్లు గడ్డానికి తగిలే ఫుట్‌రెస్టులు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆమె ముందుకు జారుతుంది, నడిపేవారి వీపు మీద భారం వేయక తప్పదు. పట్టుకోవడానికి పిడి, కొంగు చక్రంలో పడకుండా చీర గార్డు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం తప్పనిసరి. అందం చెడుతుందని కొన్నరోజే గార్డు ఊడదీయించేవారున్నారు. చీర కట్టుకున్న మనిషిని ఎక్కించుకునే బండికి అలా చేయడం క్షమించరాని పని. కొనేముందు వెనక కూర్చునే మనిషిని షోరూముకు తీసుకెళ్లి, బండి మీద కూర్చోబెట్టి, ఆమె మాట వినాలి. ఆ మాటను చివరి మాటగా తీసుకున్నా నష్టం లేదు.

ఇద్దరు ఎక్కి, 10 కిలోల సంచి కట్టాక బండి స్వభావం మారుతుంది. వెనక షాక్ అబ్జార్బర్ కుంగితే ముందు చక్రం తేలికపడి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. హెడ్‌లైటు ఆకాశం వైపు లేచి ఎదుటివారి కళ్లలో కొడుతుంది, మన ముందు రోడ్డు చీకటవుతుంది. వెనక స్ప్రింగు ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగు ముందే ఎంత బిగిసి ఉండాలో చూసే అమరికను, రెండు మెట్లు బిగిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. మెకానిక్ దగ్గర స్పానరుతో అయిదు నిమిషాల పని, కానీ బండి అమ్మేదాకా ఒక్కసారీ దాన్ని ముట్టుకోనివారే ఎక్కువ. సామాను ఎంత కిందుగా, ఎంత మధ్యకు ఉంటే అంత మేలు. వెనక చక్రం దాటి వేలాడే పెద్ద పెట్టెలో బరువులు నింపితే పక్కగాలికి బండి తోక ఊపుతుంది. రెండు వైపులా వేసే సంచులు మంచివే, పైకి లేచిన సైలెన్సర్ ఉన్న బండికి మాత్రం అవి కాలకుండా ఇనుప ఊత బిగించుకోవాలి. డొమినార్ 400కు 2021 నుంచి ఎత్తైన అద్దం, చేతి రక్షణలు, వెనక క్యారియర్, సంచులకు ఊతలు కంపెనీయే బిగించి ఇస్తోంది. విడిగా కొనే ఖర్చు, డ్రిల్లు వేయించే బెడద తప్పుతాయి.

ఇక కొండ. సాలూరు ఘాట్ అయినా, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారి అయినా అడిగేది ఒకటే, తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ (చక్రాన్ని తిప్పే లాగుడు శక్తి). హెయిర్‌పిన్ మలుపు దగ్గర లారీ వెనక 20 వేగంలో ఇరుక్కుని మళ్లీ ఎక్కాల్సి వచ్చినప్పుడు, పైన ఎక్కడో 9,000 ఆర్‌పీఎం దగ్గర పుట్టే బలం ఆదుకోదు. రెండో గేరులో క్లచ్ పట్టుకోకుండా మెత్తగా లాగే ఇంజను కావాలి. దిగేటప్పుడు అదే గేరు బ్రేకుకు తోడుగా నిలబడుతుంది. ఇద్దరి బరువుతో బ్రేకు మీదే ఆధారపడి దిగితే డిస్కులు వేడెక్కి పట్టు సడలుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) రెండు చక్రాలకూ ఉండాలి, ఇందులో రాజీ పనికిరాదు. వానకాలంలో ఆ మలుపుల్లో ఆకులు, జారిన మట్టి, లారీల నుంచి కారిన డీజిలు ఉంటాయి. వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందని రిమ్ముకు సరిపడని టైరు బిగించుకుంటే దాని అంచు ఆకారం మారి బండి మలుపులో బరువుగా వాలుతుంది. కంపెనీ చెప్పిన సైజులోనే మంచి రేడియల్ టైరు వేసి, ఇద్దరి బరువుకు చెప్పిన గాలి నింపితే చాలు.

తీరంలో ఉన్నవారికి చైను గురించి ఒక మాట. భావనపాడు, బారువ, కళింగపట్నం గాలిలోని ఉప్పు చైనును, బోల్టులను, సైలెన్సర్ వెల్డింగును నెమ్మదిగా తింటుంది. పెద్ద టూరర్లలో కొన్నింటికి చైను బదులు షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీ) ఉంటుంది, మన ధరల్లో దొరికే బండ్లన్నిటికీ చైనే. 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిసిన రోజున తప్పకుండా, తుడిచి నూనె పట్టించాలి. తీరానికి వెళ్లొచ్చిన సాయంత్రం మంచినీళ్లతో కడగాలి.

సర్వీసు ఎంత దూరమన్నది ధర పట్టికలో కనిపించని ఖర్చు. సుజుకీ, బజాజ్, టీవీఎస్, హీరో బండ్లకు జిల్లా కేంద్రాల్లో మెకానిక్ దొరుకుతాడు, మామూలు విడిభాగాలకు పరుగులు పెట్టనక్కర్లేదు. పెద్ద విదేశీ బండ్లకు చాలావరకు విశాఖపట్నమే దిక్కు. విజయనగరం నుంచి అది గంటన్నర పని, పలాస నుంచి పూర్తి రోజు. క్లచ్ కేబులు తెగిన రోజున ఈ తేడా డబ్బులో కాకుండా రోజుల్లో తెలుస్తుంది. బండి మీద మనసు పడ్డాక ఈ లెక్క వేయడం కష్టం కనుక ముందే వేయాలి. ఫ్రంట్ బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, హెడ్‌లైటు ధరలు, అవి ఎన్ని రోజుల్లో వస్తాయో షోరూములో కాకుండా సర్వీసు కౌంటరులో అడగాలి. జవాబు తడుముకుంటూ వస్తే అర్థమైనట్టే.

అన్నీ కలిపి చూస్తే ఈ దారులకు జిక్సర్ ఎస్ఎఫ్ 250 మొదటి వరసలో నిలబడుతుంది. 26.5 హెచ్‌పీ, 161 కిలోలు, 12 లీటర్ల ట్యాంకు. నీటి రేడియేటరు లేకుండా నూనెతోనే ఇంజనును చల్లబరిచే ఆయిల్ కూలింగ్ వల్ల సంరక్షణా తక్కువే. లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చినా ట్యాంకు నింపితే 400 దాటుతుంది, శ్రీకాకుళం నుంచి బరంపురం వెళ్లి తిరిగి రావచ్చు. బరువైన ఇద్దరికి, తరచూ కొరాపుట్, జయపురం వైపు వెళ్లేవారికి డొమినార్ 400 మేలు. దాని 40 హెచ్‌పీ కంటే 35 న్యూటన్ మీటర్ల టార్క్, 193 కిలోల నిలకడ అక్కడ అక్కరకొస్తాయి. అపాచీ ఆర్ఆర్ 310 ఈ రెండింటి కంటే చురుకైనది, ఒంటరిగా తిరిగే యువకులకు నచ్చుతుంది. ఊరి చివర కంకర దారి, పొలం గట్టు రోజూ తప్పనివారు స్పోర్ట్ టూరర్ ఆలోచన మానుకుని హిమాలయన్ వైపు చూడటమే నిజాయితీ.

పాత బండి కొనేవారు పగటి వెలుగులోనే చూడాలి. ముందు ఫోర్కుల మెరిసే గొట్టాల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి జార్చితే ఉప్పు తిన్న గుంటలు తగులుతాయి, ఆ గుంటలు ఆయిల్ సీళ్లను కోసేస్తాయి. స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు సొరచేప పళ్లలా ఒకవైపుకు వంగి ఉంటే చైనుతో సహా మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు దాని రబ్బరు పైపులు తట్టుకుంటాయో లేదో మెకానిక్‌తో చూపించుకోవాలి. ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమనాలి. అమ్మేవారు మనం వచ్చేసరికే ఇంజను వేడి చేసి ఉంచితే, మరో రోజు పొద్దున్నే చెప్పకుండా వెళ్లి చూడటం మంచిది.